విత్తనం ఏరినవాడు – ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్

పాతబస్తీలో నాన్ రొట్టెలకు పెద్ద చరిత్రే ఉంది. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణం 1851లో మొదలైంది. ఆ రోజుల్లో ఇక్కడ పొట్లం ఈస్టు దొరికే మాట లేదు. పిండి పులియాలంటే ఖమీర్ ఒక్కటే దారి. ఖమీర్ అంటే మరేమీ కాదు, నిన్న పులిసిన పిండిలోంచి తీసి దాచిన ముద్ద. దాన్ని కొత్త పిండిలో కలిపి పిసికి ఉంచితే తెల్లవారేసరికి పిండి పొంగుతుంది. మా ఊళ్ళో మా అమ్మ పాలకు తోడు వేసేదీ ఈ లెక్కనే. తాటిచెట్టు మీద లొట్టికి అంటుకున్న నిన్నటి కల్లు తడి ఇవాళ్టి నీరాను పులియబెట్టేదీ ఈ లెక్కనే. మూడు చోట్లా నిన్నటిది ఇవాళ్టికి విత్తనం.

అయితే ఆ ముద్దలో ఉన్నదేమిటి? తోడులో ఉండేవి బాక్టీరియా. కల్లులోనూ ఖమీర్‌లోనూ ఈస్టు, బాక్టీరియా రెండూ కలిసి ఉంటాయి. ఈస్టులోనూ ఒకటే రకం ఉండదు. మంచిది ఉంటుంది, దాని పక్కనే చెడ్డదీ ఉంటుంది. రొట్టె చేసేవాడి చేతికి, కల్లు గీసేవాడి నాలుకకు ఆ తేడా తెలుస్తుంది గాని కంటికి కనపడదు. మరి ఆ గుంపులోంచి మంచిదాన్ని మాత్రమే ఏరి, దాని సంతానాన్నే పెంచడం సాధ్యమా? సాధ్యమేనని 1883లో చేసి చూపించినవాడు డెన్మార్కు దేశపు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్. పాశ్చర్ పేరు తెలియని విద్యార్థి మన కాలేజీలో ఉండడు. హాన్సెన్ పేరు మాత్రం మైక్రోబయాలజీ చదివేవాళ్ళు, బీరు తయారుచేసేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు తక్కువగా వింటారు. అందుకే ఈ సంచికలో అతని కథ చెప్పాలనిపించింది. బీరు తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నేను రైతు బిడ్డను. ఇది నాకు విత్తనం కథగా కనిపించింది.

హాన్సెన్ 1842 మే 8న రీబే అనే పాత పట్టణంలో పుట్టాడు. తండ్రి ఇళ్ళకు రంగులు వేసేవాడు. ఇల్లు పేదది. చదువు మధ్యలో ఆగిపోయింది. పిల్లవాణ్ణి కిరాణా కొట్టులో పనికి పెట్టారు, అది నిలవలేదు. చివరికి తండ్రి పనే నేర్చుకొని రంగుల మేస్త్రీ అయ్యాడు. మనసులో మాత్రం చిత్రకారుడు కావాలని ఉండేది. కోపెన్‌హాగెన్ కళాశాలలో చేరాలని ప్రయత్నించాడు, చోటు దొరకలేదు. ఇరవై ఏళ్ళ వయసులో, అంటే ఇవాళ నా వయసులో, అతని చేతిలో ఒక బ్రష్షు తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత ఒక జమీందారీ ఎస్టేటులో పిల్లలకు చదువు చెప్పే ట్యూటరుగా కుదిరాడు. అక్కడే అతని జీవితం మలుపు తిరిగింది. ఆ చుట్టుపక్కల ఓర్స్‌లేవ్ అనే పల్లెలో పీటర్ నీల్సన్ అనే బడిపంతులు ఉండేవాడు. పాఠాలు చెప్పగా మిగిలిన సమయంలో మొక్కలను, పైరు తెగుళ్ళను పరిశీలించేవాడు. డెన్మార్కులో పంటల మీద ప్రయోగాలకు దారి వేసినవారిలో ఈ పంతులు ఒకడు. ఆయన వెంట పొలాల్లో తిరిగి హాన్సెన్ వృక్షశాస్త్రం మీద మనసు పెట్టాడు. ముప్ఫయ్యో ఏడు దగ్గర పడుతుండగా పరీక్షలు గట్టెక్కి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాడు. తోటివారంతా తనకన్నా చిన్నవాళ్ళు. ఫీజులకు, తిండికి డబ్బు కావాలి కాబట్టి నవలలు వ్రాశాడు. స్నేహితుడు ఆల్ఫ్రెడ్ యోర్గెన్సన్‌తో కలిసి డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణ గ్రంథాన్ని డేనిష్ భాషలోకి అనువదించాడు. ఆ అనువాదం 1876లో అచ్చయింది. ఆ ఏడే విశ్వవిద్యాలయం బంగారు పతకం కూడా వచ్చింది. దేని మీద వ్రాసినందుకంటారా? పశువుల పేడ మీద మొలిచే శిలీంధ్రాల మీద! దొడ్డిలో పేడ ఎత్తినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. దాని మీద మొలిచే బూజును చూసి ఇదేమిటని అడిగినవాళ్ళం ఎంతమందిమి?

ఇక్కడ కథ కొంచెం వెనక్కి, ఒక వ్యాపారి దగ్గరికి వెళ్ళాలి. జె.సి. జాకబ్‌సన్ అనే ఆయన 1847లో కోపెన్‌హాగెన్ దగ్గర కార్ల్స్‌బెర్గ్ బీరు కర్మాగారం పెట్టాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1845లో, జర్మనీలోని మ్యూనిక్ వెళ్ళి సెడ్లమయర్ అనే బీరు యజమాని దగ్గర ఈస్టు అడిగి తెచ్చుకున్నాడు. అప్పటి ప్రయాణం గుర్రపు బండి మీద. ఈస్టు వేడికి చావకుండా దారిలో బండి ఆగిన ప్రతిచోటా దిగి, ఆ పాత్రల మీద చన్నీళ్ళు పోస్తూ తెచ్చాడట. నారు కట్టలు ఎండిపోకుండా తడిపిన గోనె కప్పి తెచ్చే రైతుకు ఈ శ్రద్ధ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఈ జాకబ్‌సన్‌కు సైన్సంటే గురి. 1875లో తన కర్మాగారం పక్కనే ఒక ప్రయోగశాల స్థాపించాడు. అందులో తేలిన ఫలితం ఏదీ రహస్యంగా దాచరాదని, అందరికీ తెలిసేలా ప్రకటించాలని నియమం పెట్టాడు. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉంది.

1877లో హాన్సెన్ ఈ కార్ల్స్‌బెర్గ్‌లో పనిలోకి వచ్చాడు. బీరులో ఉండే జీవుల మీద పరిశోధన వ్యాసం వ్రాసి 1879లో డాక్టరేటు పొందాడు. ఆ ఏడే ప్రయోగశాలలో శరీరధర్మశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు. రంగుల బ్రష్షు పట్టిన చెయ్యి మైక్రోస్కోపు పట్టింది.

అప్పటికి ఈ రంగంలో పాశ్చర్ మాటే వేదం. 1871లో పాశ్చర్ లండన్‌లోని విట్‌బ్రెడ్ కర్మాగారానికి వెళ్ళి, పోర్టర్ అనే నల్ల బీరులోని ఈస్టును మైక్రోస్కోపు కింద చూసి, ఇది శుభ్రంగా లేదని చెప్పాడు. ఆ యజమానులు అంతవరకు మైక్రోస్కోపు మొహం చూసినవారు కారు. ఆయన వెళ్ళిన వారం లోపలే ఒకటి కొనుక్కున్నారు. ఆ పోర్టర్‌లో గట్టి రకానికే స్టౌట్ అని పేరు వచ్చింది. 1876లో పాశ్చర్ బీరు మీద తన గ్రంథం ప్రకటించాడు. బీరు పాడవడానికి కారణం బాక్టీరియా అని, వాటిని తొలగిస్తే చాలని ఆయన బోధించాడు.

హాన్సెన్‌కు ఇది సగమే నిజమనిపించింది. బాక్టీరియా పాడుచేస్తుంది, ఒప్పుకున్నాడు. కాని ఈస్టును ఈస్టే పాడుచేయవచ్చు గదా? పొలంలో కలుపు వేరు, కేళీ వేరు. గరక, తుంగ లాంటి కలుపు ఎవరికైనా తెలుస్తుంది. కేళీ అంటే వరిలోనే వేరే రకం వరి. నారుమడిలో రెండూ ఒకే తీరుగా ఉంటాయి. ఈనినప్పుడు గాని బయటపడదు. మా నాయన ఒక ఏడు బయట కొన్న విత్తనం ఇలాగే మోసం చేసింది. మడిలో కొంత ముందుగా ఈనింది, కొంత ఆలస్యంగా ఈనింది, కొంత ఎత్తు పెరిగి పడిపోయింది. ఒక్కసారి కోయడానికి వీలు లేదు. బియ్యం కలగాపులగమని ధర తగ్గించారు. ఆ ఏడాది అప్పు తీరడానికి మరో రెండేళ్ళు పట్టింది. ఆ రోజుల్లో మా ఇంట్లో విన్న మాటలు మనసులో ఉండబట్టే హాన్సెన్ అనుమానం నాకు వెంటనే అర్థమైంది. బాక్టీరియా కలుపు మొక్క. అడవి ఈస్టు కేళీ.

ఈ అడవి ఈస్టు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా అతడు వెతికాడు. ఎండాకాలంలో పండిన తీపి పండ్ల మీద బతికి, చలికాలం నేలలో దాక్కునే ఒక ఈస్టు జీవితచక్రాన్ని ఏడాది పొడుగునా వెంటాడి తేల్చాడు. పండ్లు పండే కాలంలో గాలితో, దుమ్ముతో అవి వచ్చి కర్మాగారంలో ఆరబెట్టిన బార్లీ రసంలో పడతాయి. మన కల్లులోకి ఈస్టు వచ్చేదీ ఈ మాదిరిగానే.

మరి కేళీని ఏరడమెలా? చేత్తో పట్టి పీకడానికి అది మొక్క కాదు, మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేని కణం. హాన్సెన్ ఉపాయం వినడానికి చాలా చిన్నది. ఈస్టు ఉన్న నీటిని మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక చుక్కలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టాడు. తర్వాత దాన్ని శుద్ధమైన నీటితో పలుచన చేస్తూ పోయాడు. రెండు ఫ్లాస్కులకు ఒక్క కణం చొప్పున పడేంత పలుచన చేసి, పోషక రసం ఉన్న ఫ్లాస్కులలో పోశాడు. బాగా కదిపి, ఆ తర్వాత కదపకుండా ఉంచాడు. కొన్నాళ్ళకు కొన్ని ఫ్లాస్కులలో ఏమీ కనపడలేదు. కొన్నింటిలో ఒకే ఒక తెల్లటి చుక్క కనపడింది. కొన్నింటిలో రెండు, మూడు చుక్కలు. రెండు మూడు ఉన్నవాటిని పక్కన పెట్టాడు. ఒకే చుక్క ఉన్న ఫ్లాస్కులోది ఒకే కణం నుంచి పుట్టిన సంతానం. ఒక్క గింజ చల్లి ఒక్క దుబ్బు పెంచి, ఆ దుబ్బు గింజలతోనే మడి నింపినట్టన్నమాట. దీన్నే శుద్ధ వర్ధనం అంటాం. తర్వాత జర్మనీలో కోహ్ కనిపెట్టిన జెలటిన్ పద్ధతిని కూడా వాడుకొని, ఆ ఒక్క కణం రెండుగా, నాలుగుగా పెరగడాన్ని కళ్ళారా చూస్తూ తన పని సరిచూసుకున్నాడు.

చూడడానికి ఒకేలా ఉన్న రకాలను వేరు చేయడానికి మరో ఉపాయం చేశాడు. ఈస్టుకు తిండి ఆపి, తడిపిన జిప్సం దిమ్మ మీద ఉంచితే కణం లోపల సిద్ధబీజాలు ఏర్పడతాయి. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎన్ని గంటలకు ఏర్పడతాయన్నది రకాన్ని బట్టి మారుతుంది. రూపాన్ని నమ్మకుండా నడతను చూసి రకం చెప్పాడు. మా నాయన వరిని ఈనిక చూసి చెప్పినట్టే.

1883లో పరీక్ష రానే వచ్చింది. ఏ కర్మాగారం పక్కన తాను పనిచేస్తున్నాడో, ఆ పాత కార్ల్స్‌బెర్గ్‌లోనే బీరు చెడింది. చేదు రుచి, చెడు వాసన. హాన్సెన్ అక్కడి ఈస్టును తెచ్చి పరీక్షిస్తే అందులో ఒకటి కాదు, నాలుగు రకాలు తేలాయి. ఒకటే మంచిది. మిగతావి కేళీలు. ఆ మంచిదాన్ని ఒక్క కణం నుంచి పెంచి, కార్ల్స్‌బెర్గ్ 1వ నంబరు అని పేరు పెట్టాడు. 1883 నవంబరు 12న దానితో బీరు పులియబెట్టారు. బీరు బాగుపడింది. లోకంలో శుద్ధమైన ఒకే రకం ఈస్టుతో పెద్దఎత్తున బీరు తయారవడం అదే మొదలు. ఆ ఏడే అదే ప్రయోగశాలలో యోహాన్ కెల్దాల్ నైట్రోజన్ కొలిచే పద్ధతి ప్రకటించాడు. కెమిస్ట్రీ ల్యాబులో కెల్దాల్ ఫ్లాస్కు పట్టుకున్న మిత్రులు ఈ చుట్టరికాన్ని గమనించాలి.

ఇప్పుడు ఆ నియమం సంగతి. చేతికి వచ్చింది బంగారంలాంటి విత్తనం. దాచుకుంటే ప్రపంచంలోని బీరు వ్యాపారమంతా జాకబ్‌సన్ చెప్పుచేతల్లో ఉండేది. ఆయన దాచుకోలేదు. పద్ధతిని అచ్చువేయించి ప్రకటించారు. ఈస్టును అడిగినవారికి ఊరికే ఇచ్చారు, పోటీ కర్మాగారాలతో సహా. ఒకనాడు మ్యూనిక్‌లో తాను అడిగి తెచ్చుకున్నది శుద్ధమై తిరిగి లోకానికి చేరింది. హాన్సెన్ కనిపెట్టాడు, జాకబ్‌సన్ పంచాడు. ఇద్దరిలో ఎవరు గొప్పని నన్నడిగితే చెప్పడం కష్టం. విత్తనం ఏరడం ఒక విద్య, పంచడం మరో విద్య.

కాని హాన్సెన్ పద్ధతి అన్నిచోట్లా గెలవలేదు. అది ఓడింది స్టౌట్ దగ్గర. డెన్మార్కు, జర్మనీ బీర్లు చల్లదనంలో అడుగుకు దిగే ఈస్టుతో పులుస్తాయి. ఇంగ్లండు, ఐర్లండు నల్ల బీర్లు వెచ్చదనంలో పైకి తేలే ఈస్టుతో పులుస్తాయి. అక్కడివారు ఒకే శుద్ధమైన ఈస్టు వేసి చూస్తే బీరు తయారైంది గాని, నెలల తరబడి పీపాల్లో ఊరాక రావలసిన ఆ పాత రుచి రాలేదు. కారణం చెప్పినవాడు కార్ల్స్‌బెర్గ్‌లోనే పనిచేసిన నీల్స్ క్లాసెన్. ఇంగ్లీషు స్టౌట్లలో మొదటి ఈస్టు పని ముగించాక మరో రకం ఈస్టు నెమ్మదిగా పనిచేస్తుందని, ఆ రుచి దానిదేనని 1904లో లండన్‌లో చెప్పాడు. దానికి బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. బ్రిటిష్ వారి శిలీంధ్రం అని దాని అర్థం. ఒకచోట కేళీ అని ఏరిపారేసేదే ఇంకొకచోట పంటలో భాగమన్నమాట! అలాగని హాన్సెన్ ఓడిపోయాడనుకోరాదు. క్లాసెన్ ఆ రెండో ఈస్టును విడిగా పట్టి చూపగలిగింది హాన్సెన్ నేర్పిన శుద్ధ వర్ధనంతోనే.

స్టౌట్‌కు పేరుపడ్డ డబ్లిన్ గిన్నెస్ కర్మాగారంలో కూడా అదే కాలంలో ఈస్టు లెక్కలు జరిగాయి. 1899లో అక్కడ చేరిన విలియం గాసెట్ అనే యువకుడు, చుక్కలోని ఈస్టు కణాలను లెక్కపెట్టడంలో వచ్చే పొరపాటు ఎంత అన్నదాని మీద 1907లో వ్యాసం ప్రకటించాడు. మరుసటి ఏడు వచ్చిన వ్యాసమే మన స్టాటిస్టిక్స్ విద్యార్థులు లెక్కలు చేసే స్టూడెంట్ టి పరీక్షకు మూలం. హాన్సెన్ ఫ్లాస్కుకు ఎన్ని కణాలు పడతాయన్న ప్రశ్నా, గాసెట్ ప్రశ్నా ఒక తల్లి పిల్లలే.

మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం నేరం. అమెరికాలో 1978లో వచ్చిన చట్టం తర్వాత ఇంటి అవసరానికి చేసుకోనిస్తున్నారు. అక్కడ స్థిరపడిన మన పూర్వవిద్యార్థులెవరైనా వంటింట్లో స్టౌట్ చేయబోతే, దుకాణంలో పదుల రకాల ఈస్టు పొట్లాలు ఎదురవుతాయి. ఎలా ఏరుకోవాలి? రైతు విత్తనం ఏరుకున్నట్టే. మీ నేల, మీ వాతావరణం ముందు చూసుకోవాలి. గది 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ ఉంటే పైకి తేలే రకం చాలు. అడుగుకు దిగే రకానికి ఇంకా చల్లదనం కావాలి. తీపి మిగలని ఐరిష్ తీరు స్టౌట్ కావాలంటే చక్కెరను చాలావరకు తినేసే రకం తీసుకోవాలి. తీపి, చిక్కదనం మిగలాలంటే కొంచెం తక్కువ తినే రకం. బాగా గట్టి స్టౌట్ అయితే ఆల్కహాలును తట్టుకునే రకం. పని ముగిశాక గడ్డకట్టి అడుగున కూర్చునేదైతే బీరు తేటపడుతుంది. అతివేడిలో ఏ మంచి ఈస్టయినా చెడు రుచులు పుట్టిస్తుంది. విత్తనం మంచిదైనా అదను తప్పితే పంట రానట్టే. తమాషా ఏమంటే, ఈ స్టౌట్ ఈస్టూ మన బేకరీ ఈస్టూ ఒకే జాతి, శాకరోమైసిస్ సెరివిసియే. పాతబస్తీ నానూ డబ్లిన్ స్టౌటూ దాయాదులు.

హాన్సెన్ 1908లో తాను ఏరిన ఈస్టుకు శాకరోమైసిస్ కార్ల్స్‌బెర్గెన్సిస్ అని పేరు పెట్టాడు. 1909 ఆగస్టు 27న కన్నుమూశాడు. ఆ ఏడే అదే ప్రయోగశాలలో సోరెన్సన్ పిహెచ్ కొలమానం ప్రవేశపెట్టాడు. హాన్సెన్ పెట్టిన పేరు ఇప్పుడు నిలవలేదు. ఆ ఈస్టును నేడు శాకరోమైసిస్ పాస్టోరియానస్ అంటారు, పాశ్చర్ పేరు మీదుగా. పైగా అది స్వచ్ఛమైన జాతి కూడా కాదనీ, సంకరమనీ తేలింది. ఒక పక్క మన రొట్టె ఈస్టు, మరో పక్క 2011లో దక్షిణ అమెరికా పటగోనియా అడవుల్లో దొరికిన చలి తట్టుకునే ఈస్టు. శుద్ధమైనదని ఏరి పెంచినది పుట్టుకలోనే కలగలుపు! దీనివల్ల అతని పని చిన్నబోలేదు. శుద్ధి అంటే పుట్టుక కాదు, ఏరుకున్నదాన్ని ఏ కల్తీ లేకుండా కాపాడుకోవడమని తెలిసింది, అంతే. ఆ కాపాడడం ఎంత గట్టిదంటే, కార్ల్స్‌బెర్గ్ నేలమాళిగలో దొరికిన పాత సీసాలోని ఈస్టును బతికించి 2016లో మళ్ళీ బీరు చేశారు.

మిత్రులారా, రంగుల మేస్త్రీ కొడుకు, సీటు దొరకని చిత్రకారుడు, పేడ మీది బూజును ప్రేమించినవాడు ఒక్క కణాన్ని ఏరాడు. అతని యజమాని దాన్ని దాచలేదు. ఈ రెండు పనులూ కలిస్తేనే సైన్సు పూర్తవుతుందని నాకు అర్థమైంది. పాతబస్తీలో ఖమీర్ ముద్ద ఇల్లు మారి ఇల్లు చేరినప్పుడూ, పక్కింటివారు గిన్నెతో తోడుకు వచ్చినప్పుడూ ఎవరూ ధర అడగరు.

పోయిన వానాకాలం కోతలకు ముందు నేనూ మా నాయనా మడిలోకి దిగి, మొదట కేళీలు పీకేసి, తర్వాత మంచి వెన్నులు ఏరి విడిగా నూర్చాం. గడ్డమీద నిలబడి చూస్తున్న పక్క రైతు తనకూ కొంచెం కావాలన్నాడు. మా నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తువ్వాలలో మూటకట్టి ఇచ్చాడు. జాకబ్‌సన్ పేరు ఆయన ఎన్నడూ విన్నవాడు కాడు.